ఎంఎన్‌డీ ఉన్నవారిని ఇంట్లో చూసుకుంటున్నారా? ఫోన్‌లో తోడు ఇలా సంపాదించుకోండి

షుగర్ వచ్చిందంటే సలహా చెప్పడానికి వీధిలో పదిమంది ఉంటారు. మోకాలి ఆపరేషన్ అంటే ఏ ఆస్పత్రి మంచిదో పాలు పోసే ఆయన కూడా చెబుతాడు. మోటార్ న్యూరాన్ వ్యాధి (ఎంఎన్‌డీ) అనేసరికి మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. బంధువులు ‘పక్షవాతమా?’ అని అడుగుతారు. ‘ఫిజియోథెరపీ చేయిస్తే లేచి కూర్చుంటాడులే’ అంటారు. అది పక్షవాతం కాదనీ, తగ్గేది కాదనీ వచ్చినవాళ్లందరికీ మొదటినుంచీ చెప్పుకురావడం, చూసుకునే మనిషికి ఇంకో పని అయిపోతుంది.

మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండి కండరాలను కదిలించే నాడీకణాలు క్రమంగా చచ్చిపోవడమే ఈ జబ్బు. ఇందులో ఎక్కువగా కనిపించే రకాన్ని ఏఎల్‌ఎస్ అంటారు. చేతిలోంచి గ్లాసు జారడంతోనో, నడుస్తుంటే కాలు తట్టుకోవడంతోనో, మాట ముద్దగా రావడంతోనో మొదలవుతుంది. తర్వాత కాళ్లూ చేతులూ, నాలుక, గొంతు, చివరికి ఊపిరి ఆడించే కండరాల దాకా పాకుతుంది. చర్మానికి స్పర్శ తెలుస్తూనే ఉంటుంది. చెవులు వింటూనే ఉంటాయి. కనుగుడ్ల కదలిక చాలామందిలో చివరిదాకా నిలుస్తుంది. ఎక్కువమంది లక్షణాలు మొదలైన రెండు నుంచి ఐదేళ్ల లోపు కన్నుమూస్తారు. పదేళ్లు దాటేవారు పదిమందిలో ఒకరు. 1963లో 21 ఏళ్ల వయసులో జబ్బు బయటపడి 2018 దాకా బతికిన స్టీఫెన్ హాకింగ్ సంగతి చాలా అరుదు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన రిలుజోల్ మాత్ర జబ్బును కొంత నెమ్మదింపజేస్తుంది, ఆపలేదు.

ఇలాంటి జబ్బులో చూసుకునేవాళ్ల పని ఒకచోట నిలవదు. చేయి పట్టుకుని నడిపించడం అలవాటయ్యేలోపు చక్రాల కుర్చీ వస్తుంది. అన్నం మెత్తగా కలిపి పెట్టడం చేతనయ్యేసరికి పొలమారడం మొదలవుతుంది. ఆ తర్వాత కడుపులోకి ఆహారం పంపే గొట్టం, రాత్రిళ్లు ఊపిరికి సాయపడే బైపాప్ మెషిన్ మాస్కు, గళ్ల లాగే సక్షన్ మెషిన్. డాక్టరు గారు ఇచ్చే పది నిమిషాల్లో ఇవన్నీ అడగలేం, ఆయన చెప్పలేరు. మీకంటే ఆరునెలలు ముందు ఇదే దారిలో నడిచిన ఇంకో ఇంటి మనిషి కావాలి. ఆ మనిషి మీ ఊళ్లో ఉండే అవకాశం తక్కువ. ఒకరు అనంతపురంలో, ఒకరు కరీంనగర్‌లో, ఒకరు డల్లాస్‌లో ఉంటారు. అందుకే ఆ తోడు ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. ఫోన్‌లో వాట్సాప్ మాత్రమే వాడటం వచ్చినవాళ్లను దృష్టిలో పెట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో వరుసగా చెబుతాను.

మొదట: జబ్బు రకం సరిగ్గా తెలుసుకోండి

ఏ బృందంలో చేరేముందైనా న్యూరాలజిస్టును ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాసుకోండి. ఇది ఏఎల్‌ఎస్సా, వేరే రకమా? చేతులూ కాళ్లతో మొదలైందా, గొంతుతోనా? ఇప్పుడు ఊపిరి సామర్థ్యం ఎంత? ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉన్నట్టు అనుమానమా?

ఇదెందుకంటే, ఒకే గొడుగు కింద చాలా జబ్బులున్నాయి, వాటి నడక వేరువేరు. కుర్రాళ్లలో ఒక చేతి కండ కరిగిపోయి, కొన్నేళ్లకు దానంతటదే ఆగిపోయే హిరయామా జబ్బు మన దేశంలో తరచూ కనిపిస్తుంది. అది ఏఎల్‌ఎస్ కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపించే ‘మద్రాస్ మోటార్ న్యూరాన్ వ్యాధి’ని 1970లో మద్రాసు వైద్యులు మొదటిసారి వివరించారు. చిన్న వయసులో మొదలై, వినికిడి కూడా దెబ్బతిని, ఏళ్ల తరబడి నెమ్మదిగా నడిచే రకం అది. ఆ జబ్బున్న అబ్బాయి తల్లి ‘మావాడు ఇరవై ఏళ్లుగా బాగానే ఉన్నాడు, మీరూ భయపడకండి’ అని రాస్తే, గొంతుతో మొదలైన ఏఎల్‌ఎస్ ఉన్న ఇంట్లో లేనిపోని ఆశ పుడుతుంది. అటునుంచి ఇటు ఐతే లేనిపోని భయం. ఎవరి అనుభవం మనకు వర్తిస్తుందో తెలియాలంటే ముందు మన సంగతి మనకు తెలియాలి.

తర్వాత: ఇంట్లో అనుమతి

రోగి మంచం మీద ఉన్నారు కాబట్టి అడగక్కర్లేదు అనుకోకండి. ‘మనలాంటి వాళ్లతో మాట్లాడుకునే గ్రూపు ఒకటి ఉంది. నీ గురించి ఏమేం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు?’ అని నేరుగా అడగండి. జబ్బు సంగతి చెప్పుకోవడానికి ఒప్పుకున్న మనిషి, మలమూత్రాల సంగతి చెప్పడానికి ఒప్పుకోకపోవచ్చు. ఫొటోకు అసలే ఒప్పుకోకపోవచ్చు. ఆ గీత ఆయనదే.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. పెద్దవాళ్లకు జబ్బు పేరు చెప్పకుండా దాచేవాళ్లు చాలామంది. కొడుకు బృందంలో చేరతాడు, వాయిస్ మెసేజ్ వస్తుంది, స్పీకర్‌లో పెట్టి వింటాడు. పక్క గదిలో కదలకుండా పడుకున్న తండ్రికి ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తుంది. ‘మా నాన్నగారు పోయినవారం పోయారండీ’ అన్న మాట అలా వింటే ఆ పెద్దాయన మనసు ఎలా ఉంటుంది? ఇయర్‌ఫోన్ కొనుక్కోండి. బృందం సందేశాలు దానితోనే వినండి. నన్నడిగితే, జబ్బు పేరు దాచడం కూడా ఎక్కువ కాలం సాగనివ్వకూడదు. గొట్టం వేయించుకోవాలా, వెంటిలేటర్ పెట్టించుకోవాలా అనేవి ఆయన నోరు తిరుగుతున్నప్పుడే ఆయనను అడగాల్సిన ప్రశ్నలు.

ఎక్కడ వెతకాలి?

ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు దారి సులువు. బ్రిటన్‌లో మోటార్ న్యూరాన్ డిసీజ్ అసోసియేషన్ 1979 నుంచి పనిచేస్తోంది. ఏఎల్‌ఎస్, ఎంఎన్‌డీ సంఘాల అంతర్జాతీయ కూటమి 1992లో ఏర్పడింది. దాని సభ్యుల జాబితాలో మన దేశానికీ చోటుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఏఎల్‌ఎస్ అసోసియేషన్ ఉంది. 2014లో నెత్తిన ఐసు నీళ్లు పోసుకునే వీడియోలు ఫోన్లన్నీ తిరిగాయి, గుర్తుందా? ఆ సందడితో ఈ సంస్థకే 11 కోట్ల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి.

తెలుగులో మాట్లాడుకునే మనుషులు కావాలంటే మాత్రం మనుషుల ద్వారానే వెతకాలి. మీ న్యూరాలజిస్టు, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు, పాలియేటివ్ కేర్ నర్సు, బైపాప్ అద్దెకిచ్చే కంపెనీ కుర్రాడు, వీళ్లందరికీ మీలాంటి ఇళ్లు ఇంకో రెండు మూడు తెలిసి ఉంటాయి. ‘వాళ్ల నంబర్ ఇవ్వండి’ అని అడిగితే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ‘మా నంబర్ వాళ్లకివ్వండి, ఇష్టమైతే ఫోన్ చేయమనండి’ అని చిన్న చీటీ రాసివ్వండి. ఈ పద్ధతిలో ఎవరి గుట్టూ బయటపడదు.

ఏ బృందమైనా సరే, చేరేముందు దాన్ని నడిపేది ఎవరో కనుక్కోండి. రోగుల కుటుంబాలు నడుపుతుంటే మంచిది. ఆస్పత్రి నడుపుతుంటే అదీ మంచిదే. ఏదో ‘ప్రత్యేక చికిత్స’ అమ్మే క్లినిక్ నడుపుతుంటే, చేరిన వారంలోనే ప్యాకేజీ ధర చెబుతారు. అక్కణ్నించి వచ్చేయండి. వాట్సాప్ బృందంలో మీ ఫోన్ నంబర్ సభ్యులందరికీ కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి. కొత్తవాళ్లను అడ్మిన్ ఆమోదించాకే చేర్చుకునే బృందాన్నే ఎంచుకోండి.

మొదటి సందేశం

చేరగానే ఏదో ఒకటి రాయాలన్న నియమం లేదు. కొన్నాళ్లు ఊరికే చదవండి. ఎవరు ఎలా జవాబిస్తున్నారో, ఎవరి ఇంటి పరిస్థితి మీ ఇంటికి దగ్గరగా ఉందో తెలుస్తుంది. రాయాలనిపించినప్పుడు మాత్రం వివరంగా రాయండి. ‘మా బ్రదర్‌కి ఏఎల్‌ఎస్, మంచి ట్రీట్‌మెంట్ చెప్పండి’ అని రాస్తే ఎవరికీ ఏం చెప్పాలో తెలియదు. దానికి జవాబుగా వచ్చేది పసరు మందు అమ్మేవాళ్ల ఫోన్ నంబరే.

ఇలా రాసి చూడండి:

‘నమస్కారమండీ. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఆయనకు 54 ఏళ్లు. ఏఎల్‌ఎస్ అని నిరుడు దసరాకు తేల్చారు. నడవలేరు. మాట ఉంది. మెత్తటి అన్నం మింగుతున్నారు. ఊపిరికి ఇంకా మెషిన్ పెట్టలేదు. ఇంట్లో నేనూ మా అత్తగారే. మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు నా నడుం పట్టేస్తోంది. ఒక్కరే ఉన్నప్పుడు మీరెలా మారుస్తున్నారు?’

వయసు, జబ్బు ఏ దశలో ఉందో, ఇంట్లో ఎంతమంది ఉన్నారో, అడగదలచుకున్న ఒకే ఒక్క ప్రశ్న. దీనికి గంటలో జవాబులు వస్తాయి. చంకల కింద చేతులేసి లాగొద్దని, బలం లేని భుజం కీలు జారిపోతుందని ఒక అక్క చెబుతుంది. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి అది పట్టుకుని లేపమని, కుర్చీ బ్రేకులు వేశాకే కదిలించమని ఇంకొకరు వీడియో పెడతారు. టైప్ చేయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పెట్టండి. నిమిషానికి మించకుండా చూసుకోండి. వినేవాళ్లకూ మీలాగే చేతినిండా పని ఉంటుంది.

పరికరాల గురించి, ఖర్చుల గురించి అడగడం తేలిక. అసలైన మాట బయటికి రావడానికి టైం పడుతుంది. ‘పరామర్శకు వచ్చినవాళ్ల ముందు ఆయన ఉన్నట్టుండి పగలబడి నవ్వుతున్నారండీ, తలెత్తుకోలేకపోతున్నాను’ అని ఒకామె రాస్తుంది. ఈ జబ్బులో నవ్వూ ఏడుపూ అదుపు తప్పడం ఉంటుందని, మనసులోని భావానికీ దానికీ సంబంధం ఉండదని, డాక్టరుకు చెబితే మందు కూడా ఉంటుందని తెలిసినవాళ్లు చెబుతారు. ‘మాకూ అంతేనండీ’ అని ఇంకో ఇద్దరు రాస్తే ఆ ఇల్లాలి గుండెబరువు సగం దిగుతుంది. అలాగే, మంచి మనిషి ఒక్కసారిగా మొండిగా, ఎదుటివాళ్ల కష్టం పట్టనట్టు మారిపోవడమూ ఉంటుంది. ఏఎల్‌ఎస్ ఉన్నవాళ్లలో దాదాపు సగంమందికి ఆలోచనలోనో ప్రవర్తనలోనో ఎంతో కొంత మార్పు వస్తుంది. అది జబ్బు చేసే పని అని తెలియక ఇంట్లో రోజూ తగువులవుతుంటాయి.

దొరక్కపోతే మీరే మొదలుపెట్టండి

నాలుగైదు కుటుంబాలు చాలు. వందమంది ఉన్న బృందంలో కంటే ఐదుగురున్న బృందంలో మనిషి మనసు విప్పి మాట్లాడతాడు. అడ్మిన్‌లుగా ఇద్దరు ఉండాలి. ఎందుకంటే ఒకరి ఇంట్లో పరిస్థితి విషమించినప్పుడు రెండోవారు చూసుకోవాలి.

నియమాలు బృందం వివరణలోనే రాసిపెట్టండి. గుడ్ మార్నింగ్‌లు, దేవుడి బొమ్మలు, రాజకీయాలు వద్దు. మందుల మోతాదులు చెప్పుకోవద్దు. రోగి ఫొటో అనుమతి లేకుండా పెట్టొద్దు. ఇక్కడి మాట ఇక్కడే ఉండాలి, స్క్రీన్‌షాట్ బయటికి వెళ్లకూడదు. బృందంలో డబ్బు అడగొద్దు. రాత్రి పది తర్వాత అత్యవసరమైతే తప్ప సందేశాలు వద్దు. మరణవార్త వచ్చినప్పుడు అది అడ్మిన్ ద్వారానే, ఒకే సందేశంగా రావాలి. ఒక్క పోస్టు కింద అరవై ‘ఓం శాంతి’లు పడితే, అదే జబ్బుతో ఉన్న మనిషి పక్కన కూర్చుని ఆ ఫోన్ చూసేవాళ్లకు అది భరించలేని విషయం.

రెండు వారాలకోసారి ఆన్‌లైన్‌లో కలిసి ఒకరి గొంతు ఒకరు వినండి. జూమ్‌లో డబ్బు కట్టకపోతే సమావేశం 40 నిమిషాలకు ఆగిపోతుంది. గూగుల్ మీట్‌లో ముగ్గురికి మించితే గంట దాకా ఉచితం. గంట చాలు, అంతకు మించి రోగిని వదిలి కూర్చోలేరు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర అయితే అమెరికా తూర్పు తీరంలో ఎండాకాలంలో ఉదయం 11, చలికాలంలో 10 అవుతుంది. అక్కడున్న కొడుకులూ కూతుళ్లూ కూడా కలవగలరు. దూరంగా ఉన్నామన్న బాధ వాళ్లను వేరే రకంగా తింటుంది, వాళ్లకూ చెప్పుకునే చోటు ఉండాలి.

ముందుగా ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు, ఈ పదిహేను రోజులు ఎలా గడిచాయో చెప్పాలి. మధ్యలో ఎవరూ అడ్డుకోవద్దు. తర్వాత ఆరోజుకు ఒక విషయం: మింగడమో, నిద్రో, స్నానమో. కెమెరా పెట్టమని బలవంతం చేయొద్దు. సక్షన్ మెషిన్ చప్పుడు వినిపించినా, మధ్యలో లేచి వెళ్లిపోయినా ఎవరూ సారీ చెప్పక్కర్లేదని మొదటి రోజే అనుకోండి.

వినడం నేర్చుకోవాల్సిన పని. ‘ధైర్యంగా ఉండండి’, ‘అంతా కర్మ’, ‘మీరు చాలా గొప్పవారండీ’ అనే మాటలతో అవతలివాళ్లు ఇక మాట్లాడలేరు. ‘రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వస్తోంది?’ అని అడగండి. అలా అడిగితే మనిషి మాట్లాడతాడు. మన ఇళ్లలో చూసుకునేది ఎక్కువగా భార్య, కోడలు, కూతురు. ‘అలసిపోయాను’ అన్న మాట అత్తగారి ముందు అనలేని కోడలు పెరట్లోకొచ్చి వాయిస్ మెసేజ్ పెడుతుంది. ఆ మాటకు సలహా ఇవ్వక్కర్లేదు. విన్నామని చెబితే చాలు. మగవాళ్లు మెషిన్ల ధరలు అడుగుతారు కానీ తమ గురించి చెప్పరు. వాళ్లను పేరు పెట్టి పలకరించండి. ఎవరైనా ‘ఇక నావల్ల కాదు, ఇద్దరం పోతే బాగుండు’ అంటే దాన్ని మామూలు నిట్టూర్పుగా తీసుకోకండి. వెంటనే ఒకరు విడిగా ఫోన్ చేయాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 ఇవ్వాలి. అది 2022 అక్టోబరు నుంచి రాత్రింబవళ్లూ పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడతారు.

తెలుగు బృందంలోనే దొరికేది ఒకటుంది

మాట పోయినవాళ్లతో మాట్లాడటానికి కంటిచూపుతో నడిచే కంప్యూటర్లున్నాయి. ధర ఎక్కువ. అందరిచేతా అయ్యేది అక్షరాల అట్ట. ఆన్‌లైన్‌లో దొరికేవి చాలామటుకు ఇంగ్లిష్ అట్టలు, ఆ అక్షరాలు రాని పెద్దమ్మకు అవి పనికిరావు. తెలుగు అట్ట మనమే తయారుచేసుకోవాలి. దీన్ని బాగా పట్టుబడేదాకా అలవాటు చేయించగలిగేది ఇప్పటికే వాడుతున్న ఇంకో ఇల్లే.

పెద్ద అట్ట ముక్క మీద అచ్చులు ఒక వరుస, తర్వాత క, చ, ట, త, ప వరుసలు, చివర య నుంచి హ, ళ దాకా ఒక వరుస రాయండి. ఙ, ఞ లాంటివి తీసేయండి. ఒత్తక్షరాలు కూడా వదిలేయవచ్చు. ‘భోజనం’ బదులు ‘బోజనం’ అని రాసినా ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది. అట్ట చిన్నదైతే వెతకడం తొందరగా అవుతుంది. కిందివైపు గుణింతాల గుర్తులు వేరే వరుసగా రాయండి. వాడే పద్ధతి ఇది: మీరు వరుసల పేర్లు నెమ్మదిగా చదువుతారు, కావాల్సిన వరుస రాగానే ఆమె కళ్లు పైకెత్తుతుంది. తర్వాత ఆ వరుసలో అక్షరాలు, ఆ తర్వాత గుణింతం. ‘దోమ’ అని చెప్పాలనుకోండి. త వరుస దగ్గర కళ్లెత్తుతుంది, అందులో ద దగ్గర మళ్లీ ఎత్తుతుంది, గుణింతంలో ఓ దగ్గర ఎత్తుతుంది. తర్వాత ప వరుస, మ. మీరు ‘దో’ దగ్గరే ‘దోమా?’ అని ఊహించి అడగవచ్చు, కానీ ఆమె అవునన్నాకే ఆపాలి. చెప్పాలనుకున్నది ‘దోసె’ కావచ్చు. చేతితో దోమను తోలుకోలేని మనిషికి ఆ రెండక్షరాల మాట ఎంత ముఖ్యమో ఒక్క క్షణం ఆలోచించండి.

అట్ట వెనకవైపు రోజూ వాడే మాటలు పెద్దగా రాసి పెట్టుకోండి: నీళ్లు, గళ్ల తీయి, పక్కకు తిప్పు, చెయ్యి సర్దు, దిండు, ఫ్యాన్, చలి, దురద, నొప్పి, టీవీ, మనవణ్ని పిలువు. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయడం అలవాటైనవాళ్లకు 26 అక్షరాల ఇంగ్లిష్ అట్టే సులువుగా ఉంటుంది, వాళ్లను అడిగి నిర్ణయించండి. మాట ముద్దవుతున్నప్పుడే, ఇంకా పూర్తిగా పోకముందే, ఈ అట్ట అలవాటు చేయండి. అదే సమయంలో వాళ్ల గొంతుతో నాలుగు మాటలు ఫోన్‌లో రికార్డు చేసి దాచుకోండి. ఇంట్లోవాళ్లను పిలిచే పేర్లు, రోజూ తిట్టే తిట్టు, పాడే పాట. మీరు చేసిన అట్టను ఫొటో తీసి బృందంలో పెట్టండి. ఆదిలాబాద్‌లో ఇంకొకరు దాన్ని ప్రింటు తీసుకుంటారు.

సలహాలను జల్లెడ పట్టడం

ఎత్తడం, స్నానం, తిండి మెత్తగా చేయడం, కరెంటు పోతే బైపాప్‌కు ఇన్వర్టర్ ఏర్పాటు, అటెండర్ జీతం లాంటి ఇంటి పనుల విషయాల్లో తోటివారి మాట నమ్మవచ్చు. పెన్షన్ సంగతులు కూడా బృందంలోనే బాగా తెలుస్తాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఎంఎన్‌డీ పేరు అందులో విడిగా లేదు, కదలికల వైకల్యం కింద ధ్రువపత్రం తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పెన్షన్ నెలకు రూ.6,000, మంచానికే పరిమితమైన పక్షవాత, తీవ్ర కండరాల క్షీణత బాధితులకు రూ.15,000. తెలంగాణలో దివ్యాంగుల పెన్షన్ 2023లో రూ.4,016 అయింది. ధ్రువపత్రం ఇచ్చే శిబిరానికి మంచంలో ఉన్న మనిషిని ఎలా తీసుకెళ్లారో, ఏ కాగితాలు అడిగారో పోయొచ్చినవాళ్లే చెప్పగలరు.

మందులు, చికిత్సల దగ్గర మాత్రం ఆగండి. 2008లో ఇటలీ పరిశోధకులు లిథియం మందు ఏఎల్‌ఎస్‌ను నెమ్మదింపజేస్తుందని ప్రకటించారు. అప్పటికి అమెరికాలో ‘పేషెంట్స్ లైక్ మి’ అనే ఆన్‌లైన్ వేదిక ఉంది. స్టీఫెన్ హేవుడ్ అనే యువకుడికి ఏఎల్‌ఎస్ వస్తే, అతని సోదరులు 2004లో దాన్ని స్థాపించారు. అక్కడి రోగులు కొందరు డాక్టర్ల చేత లిథియం రాయించుకుని వాడటం మొదలుపెట్టారు. వాళ్లు చేసిన మంచి పని ఏమిటంటే, ప్రతి మార్పునూ నిజాయతీగా నమోదు చేశారు. 149 మంది వివరాలు విశ్లేషించి 2011లో ప్రచురిస్తే, లిథియంతో ఏ ఉపయోగమూ లేదని తేలింది. తర్వాత జరిగిన పెద్ద పరీక్షలూ అదే చెప్పాయి. ‘నాకు పనిచేసింది’ అని ఒక్కరు చెప్పడానికీ, పనిచేసిందని తేలడానికీ ఇంత దూరం ఉంది.

మూలకణాల చికిత్స పేరుతో లక్షలు గుంజే ప్రకటనలు మీ బృందంలోకీ వస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం మూలకణాల చికిత్సకు అనుమతి కొన్ని రక్త సంబంధ జబ్బులకే. ఎంఎన్‌డీకి డబ్బు తీసుకుని చేయడం ఆ మార్గదర్శకాలకు విరుద్ధం. ఇల్లు తాకట్టు పెట్టేముందు ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. అమెరికాలో న్యూరాలజిస్టులు 2009 నుంచి ‘ఏఎల్‌ఎస్ అన్‌టాంగిల్డ్’ పేరుతో ఇలాంటి ప్రత్యామ్నాయ చికిత్సలను ఒక్కొక్కటిగా పరిశీలించి ఫలితాలు ప్రకటిస్తున్నారు. ఇంగ్లిష్ చదవగలిగే సభ్యులు ఎవరైనా వాటిని చూసి తెలుగులో నాలుగు ముక్కలు చెబితే బృందానికి పెద్ద మేలు.

మంచి మనసుతో ఇచ్చే సలహా కూడా ప్రమాదం కావచ్చు. ‘ఆయాసమా? ఆక్సిజన్ పెట్టండి’ అంటారు. ఈ జబ్బులో లోపం ఊపిరి ఆడించే కండరాలది. డాక్టరుకు చెప్పకుండా ఒట్టి ఆక్సిజన్ పెడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మనిషి మగతలోకి జారిపోవచ్చు. సాధారణంగా కావాల్సింది బైపాప్. పొద్దున్నే తలనొప్పి, రాత్రి నిద్ర లేకపోవడం, పగలు కునికిపాట్లు, పడుకుంటే ఆయాసం, ఇవి కనిపిస్తే బృందంలో అడుగుతూ కూర్చోకండి, డాక్టరుకు ఫోన్ చేయండి. కడుపులోకి వేసే పెగ్ గొట్టం విషయమూ అంతే. ఎవరికో ఇన్‌ఫెక్షన్ వచ్చిందని విని వాయిదా వేస్తారు. ఊపిరి సామర్థ్యం సగానికి పడిపోయాక ఆ ప్రక్రియే రిస్కవుతుంది. అది ముందే వేయించుకోవాల్సిన గొట్టం.

మెడకు రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టించుకోవాలా వద్దా అనేది బృందంలో ఓటింగ్ పెట్టే విషయం కాదు. రోగి మాటే చెల్లాలి. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ముందస్తు వైద్య నిర్దేశానికి, అంటే లివింగ్ విల్‌కు చట్టబద్ధత ఇచ్చింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల సంతకాలు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. ఇదివరకు రాసినవాళ్లు ఎలా రాశారో అడగండి, ఏం రాయాలో మాత్రం అడగకండి.

మీ సంగతి

బృందం మీకు ఊరట కావాలి, ఇంకో డ్యూటీ కాకూడదు. నోటిఫికేషన్లు ఆపేయండి, రోజుకు ఒకటి రెండుసార్లు మీరే తెరిచి చూడండి. ఫొటోలు గ్యాలరీలోకి వాటంతటవే రాకుండా సెట్టింగ్ మార్చండి. మీ ఇంట్లోకంటే జబ్బు ముదిరిన ఇళ్లవాళ్ల కష్టాలు చదివి రాత్రి నిద్ర పట్టకపోతే కొన్నాళ్లు చదవకండి. ‘రెండు వారాలు రాను’ అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఒకరితో మాటలు బాగా కలిస్తే వాళ్లతో విడిగా ఫోన్‌లో మాట్లాడుకోండి. చాలామందికి చివరికి మిగిలేది ఆ ఒక్క స్నేహమే, అది చాలు కూడా.

మీ వాళ్లు కన్నుమూశాక వెంటనే బృందంలోంచి బయటికి వెళ్లిపోవాలనిపిస్తుంది. వెళ్లాలనిపిస్తే వెళ్లండి. కొన్ని నెలలకు మనసు కుదుటపడ్డాక మాత్రం ఒకసారి అడ్మిన్‌కు ఫోన్ చేయండి. గదిలో మూలన పడి ఉన్న బైపాప్, చక్రాల కుర్చీ, గాలి పరుపు కావాల్సిన ఇల్లు ఏదో ఆయనకు తెలుసు. ఆ ఇంటికి వాటితోపాటు, వాటిని వాడటం నేర్పగల మీరు కూడా కావాలి.